పాటకు తండ్రి పేరు

కోరుట్లలో క్యాసెట్ల లక్ష్మీరాజానికి ఒకటే రోగం. ఏ పాట చెవిన పడినా దాని తండ్రి పేరు చెప్పనిదే ఊరుకోడు. అదీ నలుగురిలో.

పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల చప్పుడు మధ్య. ఎనభైల మొదట్లో కోరుట్లకు వచ్చి, క్యాసెట్లలో పాటలు ఎక్కించే దుకాణం పెట్టాడు. దుబాయి నుంచి, మస్కట్ నుంచి మనవాళ్లు తెచ్చిన టేపులన్నీ ముందు ఆయన చెవిలోంచి పోవాల్సిందే. డిస్కో, గజల్, ఖవ్వాలీ, అరబ్బు పాట, ఏదీ వదల్లేదు. దాంతో మన పాటలన్నీ ఆయనకు దొంగసరుకులాగే వినపడేవి.

సారంగాపూర్‌లో ఒక పెళ్లి. అప్పగింతల వేళ బ్యాండువాళ్లు ఏడుపు పాట అందుకున్నారు. పెళ్లికూతురు తండ్రి గంగాప్రసాద్ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. లక్ష్మీరాజం ఆయన భుజం తట్టి, “ఏడువకు బావా. గిది డిస్కో. జర నిమ్మలంగ వాయిస్తుండ్రు, గంతే” అన్నాడు. ఏడుపు ఆగిపోయింది. మళ్లీ ఎంత ప్రయత్నించినా రాలేదు. బిడ్డను పొడికళ్లతో పంపాడని ఆయన భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

బీర్పూర్‌లో భజన జోరుగా సాగుతుంటే మధ్యలో లేచి, “గిది ఖవ్వాలి” అన్నాడు.

“ఊకో, దేవుడింటడు” అన్నారెవరో.

“దేవునికి ఎర్కనే. మీకే తెల్వది.”

నా సంగతి వేరు. చదివింది మా ఊరు మల్లాపూర్ బడిలో ఏడో తరగతే అయినా, హార్మోనియం ముందు పెట్టుకుని నలభై రెండు భజన మండళ్లను తయారుచేసినవాణ్ని. ఎనభై నాలుగులో జిల్లా పోటీలో నేను కట్టిన భజన బాణీకి మొదటి బహుమతి, ఇత్తడి కప్పు. లక్ష్మీరాజం వంక పెట్టని పాట ఈ చుట్టుపక్కల అదొక్కటే. “గిది మనింటి బిడ్డ” అనేవాడు. ఆ ఒక్క మాట మీద నలభై ఏళ్లు మీసం తిప్పాను. తిప్పి ఏం లాభం? డీజేలు వచ్చాక నన్ను పిలిచినవాడు లేడు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లే పెళ్లిపత్రిక చేతిలో పెట్టి, “హార్మోనియం తేకు మాస్టరూ, జాగ లేదు” అంటున్నారు.

మొన్న జగిత్యాలలో ఒక కళాసంఘం వాళ్లకు ఎందుకో గుర్తొచ్చాను. ఆ బాణీకి సన్మానం చేస్తామన్నారు. అది నా సొంతమేనని చెప్పేవాడు ఒకడు కావాలన్నారు. ఇంకెవరు? లక్ష్మీరాజం మైకు ముందు నిలబడి, “గీ పాటకు తండ్రి గీ అన్ననే” అన్నాడు. నాకు శాలువా కప్పారు.

మర్నాడు ఆ శాలువాతోనే, అరకిలో జిలేబీ పట్టుకుని కోరుట్ల పోయాను. దుకాణంలో ఇప్పుడు ఆయన బిడ్డ నవత సెల్‌ఫోన్లు అమ్ముతుంది. నాకో జిలేబీ చేతికిచ్చి, తండ్రి పాత క్యాసెట్లను ఫోనులోకి ఎక్కించే పనిలో ఒక క్యాసెట్ పెట్టింది. డ్రమ్ములు, గిటారు, ఎవరో దొరసాని గొంతు. ఆ గొంతులో నా బాణీ. ఒక్క మలుపు కూడా తేడా లేదు.

“ఏంది పెద్దబాపు, నీ భజన ఇంగ్లీషుల పాడుతుండ్రు?” అంది నవత.

క్యాసెట్ డబ్బా తిప్పి చూశాను. లక్ష్మీరాజం చేతిరాత: ‘దుబాయి నుంచి అచ్చిన డిస్కో, 1981. మల్లాపూర్ అన్న ఉన్నప్పుడు పెట్టొద్దు.’

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో రోజూ సాయంత్రం నేను టీ తాగింది ఈ బల్ల మీదే. చెవిలో పడ్డదాన్ని నాలో పుట్టిందనుకున్నాను.

లోపలినుంచి టీ తెస్తున్న లక్ష్మీరాజం గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఎప్పుడు ఎర్కయింది నీకు?” అన్నాను.

“నువ్వు కప్పు తెచ్చిననాడే.”

“ఊరందరి పరువు తీస్తివి. నాది ఎందుకు తియ్యలే?”

“అందరికి మస్తు పాటలున్నయి. నీకు గదొక్కటే ఉండె.”

కోపగించుకుందామంటే నోట్లో జిలేబీ ఉంది. శాలువా తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని మళ్లీ నా భుజాన వేశాడు. వేస్తూ వేస్తూ అంచును రెండు వేళ్లతో నలిపి చూశాడు. సిరిసిల్లలో పుట్టిన చెయ్యి, ఊరుకోదు.

“ఉంచుకో అన్నా” అన్నాడు. “కని గిది మనది గాదు. సూరత్ మాల్.”