కూర్మమ్మకి రాని ఉత్తరం

కూర్మమ్మకి ఈ లోకంలో ఉత్తరం రాసేవాళ్ళు ఎవరూ లేరు. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఊరికి తెలుసు, గజపతినగరం నుంచి తపాలా సంచీ మోసుకొచ్చే సోములుకీ తెలుసు. అయినా సంచీ విప్పే వేళకి బడి అరుగు మీద అందరికంటే ముందు నిలబడేది కూర్మమ్మే. ఊరవతల చింతలతోపులో పిట్టలు లేచిపోయే గొంతుతో అందరికంటే ముందు అడిగేదీ ఆమే.

“బాబూ, నాకేటైనా ఒచ్చినాదేటి?”

“లేదు కూర్మమ్మా,” అనేవాడు తపాలా బల్ల దగ్గర జగన్నాధం మేష్టారు.

“సరిగ్గా సూసినావా?”

“ఇంకా సంచీ సీలే తియ్యలేదే.”

“తియ్యకుండానే నేదనేసినావా? గవర్నమెంటోలు ఇలాగేనేటి పని సేసీది!”

అరుగు మీద ఆడవాళ్ళంతా పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వేవారు. జగన్నాధం మేష్టారు మాత్రం నవ్వేవాడు కాదు. ఆయనకి తల పట్టుకోవాలనిపించేది.

జగన్నాధం మేష్టారు జిల్లేడువలస బడికి ఉన్న ఒకే ఒక్క పంతులు. ఆ బడిలోనే ఓ మూల చిన్న బల్ల, దాని మీద తారీకు ముద్దర, సిరా బుడ్డి. తపాలా ఆఫీసంటే అదే, పోస్టుమాస్టరంటే ఆయనే. విజయనగరంలో పుట్టి పెరిగినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. అరవై ఏడులో ఎలక్షన్లు అయ్యాక ఈ ఊరికి బదిలీ మీద వచ్చి, ఓ పెంకుటింట్లో సగం అద్దెకి తీసుకుని, తన అన్నం తనే వండుకుంటున్నాడు. సాయంత్రం తపాలా పని ముగిశాక మళ్ళీ పొద్దున బడి గంట కొట్టేదాకా ఆయనతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. కుంపటి మీద గిన్నెతో మాట్లాడడం అప్పుడప్పుడే మొదలుపెట్టాడు.

గజపతినగరం దాటి, కంకర రోడ్డు అయిపోయి, బండి దారి కూడా విసుగెత్తి ఆగిపోయాక గెడ్డ, అంటే వాగు, వస్తుంది. గెడ్డ దాటితే జిల్లేడువలస. వలస అన్నది ఊరి పేరులోనే ఉంది. వరసగా రెండేళ్ళు వానలు ఎగ్గొట్టి చోడి చేలు మాడిపోయేసరికి, పేరుకి తగ్గట్టు మగాళ్ళందరూ వలసపోయారు. కలకత్తా జనపనార మిల్లులకి కొందరు, ఖరగ్‌పూర్ రైలు షెడ్డుకి కొందరు, భిలాయికి కొందరు. మంగలి చినబాబు కొన్నాళ్ళు గెడ్డాల కోసం ఎదురుచూసి, ఆఖరికి గెడ్డాలున్న చోటుకే పోవాలని తనూ కలకత్తా రైలెక్కేశాడు. అమ్మవారి పండక్కి డప్పు వాయించడానికి సూరయ్య తాత ఒక్కడే మిగిలాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆయనకి ఊపిరి అందక, ఆ ఏడు అమ్మవారు కూడా ఆగి ఆగి ఊరేగింది.

ఓసారి బ్లాకాఫీసు గుమాస్తా ఒకాయన జనాభా రాసుకోవడానికి వచ్చి తవిటమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

“ఇంట్లో ఎంతమందమ్మా?”

“ఏడుగురం బాబూ.”

“నాకు కనపడేది నువ్వూ, నీ అత్తగారూ, చంటిపిల్లాడే కదా?”

“మిగతావోలు కలకత్తా ఎల్లినారు.”

“అయితే వాళ్ళని రాయకూడదు.”

తవిటమ్మ మొహం చిన్నబోయింది. అడ్డగోడ అవతల్నించి కూర్మమ్మ తల లేచింది. “రాయకూడదేటి? ఆలు పనికెల్లినారు గానీ ఊరొగ్గేసినారేటి? పొలానికెల్లి సందలడితే ఇంటికొచ్చినోడిని రాస్తావు కదా? ఆలూ అంతే. పొలం కాసింత దూరం!”

గుమాస్తా కలం ఆమె వైపు తిప్పాడు. “మరి నీ ఇంట్లో ఎంతమంది?”

“నానొక్కత్తినే. అంతకన్నా తక్కువంటే నువ్వొప్పుకోవు కదా!”

ఇలాంటి కూర్మమ్మ రోజూ తపాలా వేళకి చేసే హడావుడి ఇంతా అంతా కాదు. ఉత్తరాలన్నీ బల్ల మీద పోసేశాక, ఖాళీ సంచీని తలకిందులు చేసి దులపమనేది. సోములు దులిపేవాడు. దుమ్ము రాలేది.

“దార్లో ఎక్కడైనా పారేసినావేటి రా?”

“పైడితల్లమ్మ తోడు, నేదే అప్పా!”

“కలకత్తా నించి నేదా? పోనీ బిలాయి నించి?”

అప్పటికి మేష్టారికి ఓపిక అయిపోయేది. “భిలాయిలో నీకెవరున్నారే?”

“ఎవులూ నేరు. అంతమంది ఉన్న ఊరు కదా, ఒక్కడికైనా బుద్ది పుట్టకూడదేటి?”

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వులు తగ్గేలోపే కూర్మమ్మ బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపించి, పనిలో పనిగా అన్నట్టు అడిగేది. “మరి ఈ గుంటకో?”

ఆ గుంట, అదే ఆ పిల్ల, అమ్మడు. పెళ్ళై ఏడాది తిరగకుండానే మొగుడు లక్ష్ముడు మిల్లు పనికి పోయాడు. వెళ్ళిన కొత్తలో ఒక కార్డు రాశాడు, ఆ తర్వాత లేదు. అమ్మడు రోజూ స్తంభం పక్కన నిలబడేది గానీ నోరు విప్పి అడిగేది కాదు.

“ఆమెకీ లేదు,” అనేవాడు మేష్టారు.

“సరి. పదే గుంటా, రేపొద్దాం,” అని కూర్మమ్మ దాని చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయేది. నవ్వేవాళ్ళు కూర్మమ్మ వెనకే నవ్వుతూ ఇళ్ళకి పోయేవారు. అరుగు ఖాళీ అయ్యేది. మేష్టారు బల్ల సర్దుకుని కుంపటి దగ్గరకి పోయేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, మాట్లాడడానికి గిన్నె కూడా విసుగనిపించిన వేళ, మేష్టారికి కూర్మమ్మ మీద జాలి కలిగింది. పాపం, ముసలిది. ఒక్క ఉత్తరం వస్తే సంబరపడుతుంది, ఆపైన తనకీ ఈ గోల తప్పుతుంది. కార్డు తీశాడు. ఎడంచేత్తో, అక్షరాలు వంకర పోయేలా రాశాడు. ‘కలకత్తా నుంచి నీ అన్న కొడుకు రాముడు వ్రాయునది. నేను క్షేమం. నీవు క్షేమమని తలంచుచున్నాను.’ తపాలా శాఖకి తెలిస్తే ఉద్యోగం ఊడే పని. అయినా ముద్దర కొట్టేసరికి మనసుకి చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించింది.

మర్నాడు కూర్మమ్మ మామూలుగానే వచ్చింది.

“బాబూ, నాకేటైనా ఒచ్చినాదేటి?”

“వచ్చింది!” అన్నాడు మేష్టారు, పెళ్ళిపందిట్లో శుభలేఖ అందించినట్టు కార్డు చాపి.

కూర్మమ్మ చెయ్యి చాపలేదు.

“ఎవులికి?”

“నీకే. చదవనా?” అని చదివేశాడు.

“రాముడా? ఏ రాముడు?”

“మీ అన్న కొడుకుట.”

“నాకు అన్నే నేడు. ఆడికి కొడుకెలాగ పుట్టినాడు?”

మేష్టారు కార్డు అటూ ఇటూ తిప్పాడు. “దూరపు వరసేమో.”

“ఎంత దూరం?”

“కలకత్తా అంత అనుకో.”

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ముసురుకున్నారు. ఓలమ్మా, కూర్మప్పకి కూడా ఒచ్చీసినాది, అని ఒకరంటే, ఇంక ఊళ్ళో రానోలు ఎవులున్నార్లే, అని తవిటమ్మ అంది. ఏమీ అనుకోకుండా అన్న మాట. కూర్మమ్మ కార్డు వంక చూడడం లేదు, వెనక్కి చూస్తోంది. స్తంభం పక్కన అమ్మడు తల వంచుకుంది. ఎవరూ దానికి ఉందో లేదో అడగలేదు. అది ఒక్కతే మెట్లు దిగి, ఎండలో నడుచుకుంటూ పోయింది.

“ఇది నాది కాదు. ఎనక్కి ఎట్టీ,” అని కూర్మమ్మ కూడా వెళ్ళిపోయింది.

మర్నాడు అమ్మడు రాలేదు. కూర్మమ్మా రాలేదు. ఉత్తరాల కోసం చూసి చూసి అలిసిన ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా రావడం మానేశారు. వచ్చినవాళ్ళు తమవి తీసుకుని మాట్లాడకుండా పోయారు. సంచీ దులపమనే మనిషి లేక సోములు దాన్ని మూల పడేసి, కాసేపు నిలబడి, తనూ పోయాడు. ఏ గోల వద్దనుకున్నాడో ఆ గోల లేని అరుగు మీద మేష్టారు చీకటి పడేదాకా కూర్చున్నాడు. నాలుగు రోజులు ఇలాగే గడిచేసరికి ఇక ఉండబట్టలేక కూర్మమ్మ ఇంటికి బయల్దేరాడు.

ఆమె వాకిట్లో శనక్కాయ మొక్కల నుంచి కాయలు కోస్తోంది. మేష్టారిని చూసి లేవలేదు, పీట మాత్రం ముందుకి తోసింది.

“అచ్చరాలు వంకరగా రాసినావు గానీ బాబూ, సదివినప్పుడు ఒక్క చోటా తడుముకోనేదు.”

మేష్టారు నేల చూపులు చూశాడు. “నువ్వు సంతోషిస్తావనుకున్నాను.”

“ఎంత పని సేసినావు! ఆ గుంట నాలుగ్రోజులయి కూడు తింతన్నాది కాదు. దాని అత్త ఏటన్నాదో తెల్సా? ఆ ముసిల్దానికి కూడా రాసీవోడున్నాడు, నీ మొగుడికి నువ్వే గుర్తు నేవు, అన్నాది.”

“నీకు ఉత్తరం రావడానికీ దానికీ సంబంధమేమిటి?”

కూర్మమ్మ చేతిలో మొక్క పక్కన పెట్టింది. “నా పెనిమిటి ఓడెక్కి బర్మాలో రంగం ఎల్లినాడు. అప్పుటికి నాకు ఆ గుంట ఈడే. మా కన్నోరి ఊళ్ళో టపాకి రోజూ ఎల్లి అడిగీదాన్ని. నేదు అనీవోరు. అందరూ నవ్వీవోరు. ఆడు మరి రానేదు, కార్డూ రానేదు. ఆడి కోసం ఎంత ఏడిసినానో, ఆ నవ్వుకీ అంతే ఏడిసినాను.” మళ్ళీ ఒక మొక్క అందుకుంది. “ఇప్పుడు నాకు రావలసిందేటీ నేదు కదా బాబూ. నేదంటే నాకేటి నొప్పి? ముందుగాల నాను అడిగీస్తే, నవ్వీవోలు నవ్వంతా నా మీదే కర్సెట్టీస్తారు. ఎనకాలున్న గుంటకి మిగల్దు.”

కోళ్ళు మేష్టారి కాళ్ళ మధ్య తిరుగుతున్నాయి.

“నీకెవులు రాస్తారు బాబూ?” అంది కూర్మమ్మ ఉన్నట్టుండి.

“నాకా? ఎవరూ రాయరు.”

“సూస్తన్నాను. ఊరందరివీ సదివి పెడతావు, నీదొక్కటీ రాదు. రేపట్నించి నీదీ నానే అడుగుతాను.”

మర్నాడు సంచీ వచ్చే వేళకి అరుగు నిండేలా మేష్టారే పిల్లల చేత ఊరంతా కబురు చేయించాడు. కూర్మమ్మ అమ్మడిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. మేష్టారు గొంతు సవరించుకున్నాడు. “చూడండి, మొన్నటి కార్డు పొరపాటున వచ్చింది. అది మన కూర్మమ్మకి కాదు. ఇంకెక్కడో ఉన్న వేరే కూర్మమ్మకిట.”

కూర్మమ్మ ఆ క్షణం కోసమే పుట్టినట్టు గుండెలు బాదుకుంది. “ఓలమ్మోలమ్మో! నా రాముడు! నా అన్న కొడుకు! నిన్నా మొన్నా పెంచుకున్నాను కదా తండ్రీ, ఎవత్తో కూర్మమ్మ ఎత్తుకుపోనాది!”

తవిటమ్మ నవ్వలేక నేల మీద కూలబడింది. సోములు సంచీతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సందట్లోనే కూర్మమ్మ బొటనవేలు వెనక్కి తిప్పి, ఈ గుంటకో అని అడిగింది. లేదన్నాడు మేష్టారు. ఎవరికీ ఆ మాట వినపడనే లేదు. అమ్మడు కూడా నవ్వుతోంది.

“మరి నీకో బాబూ?”

“నాకూ లేదు కూర్మమ్మా,” అన్నాడు మేష్టారు. ఇన్నాళ్ళూ నలుగురిలో అనని మాట, అనేసరికి తేలిగ్గా అనిపించింది.

ఆ నెలాఖరులో వాన పట్టింది. రెండేళ్ళ బాకీ అంతా ఒక్క వారంలో తీర్చేద్దామన్నట్టు కురిసింది. మూడో రోజుకి గెడ్డ పొంగి, బాట ములిగిపోయింది. తపాలా వేళ దాటినా సోములు జాడ లేదు. కూర్మమ్మ ఊరుకుంటుందా? గోనె సంచీ నెత్తిన గొంగడిలా వేసుకుని బయల్దేరింది. అమ్మడు, తవిటమ్మ, మిగతా ఆడవాళ్ళు ఆమె వెనక. వాళ్ళ వెనక గొడుగేసుకుని జగన్నాధం మేష్టారు.

గెడ్డ అవతలి గట్టు మీద తాటాకు గొడుగు కింద సోములు నిలబడి ఉన్నాడు. సంచీ తడవకుండా నెత్తిన పెట్టుకున్నాడు.

“ఒరే సోములూ!” అని కేక వేసింది కూర్మమ్మ. “అందులో ఏటేటున్నాయి రా?”

“నాకేటి తెలుస్తాది? సీలేసున్నాది! నీరు తీస్తేనే గానీ రాలేను!”

ఆడవాళ్ళు గట్టు మీద గొణుక్కున్నారు. కూర్మమ్మ మాత్రం నడుం మీద చెయ్యేసుకుని, ఆ సంచీని ఎంతో మురిపెంగా చూసింది.

“ఇదిగో గుంటా, నీదందులోనే ఉన్నాది,” అంది అమ్మడితో.

“నీకెలాగ తెల్సు కూర్మత్తా?”

“నేదని సెప్పీవోడెవుడు? ఇప్పితే కదా తెలిసీది. తవిటమ్మదీ ఉన్నాది. మేష్టరుబాబుదీ ఉన్నాది. నీరు తీసేదాకా ఊరందరికీ ఉత్తరాలున్నట్టే!”

“మరి నీదో?” అంది అమ్మడు. ఎప్పుడూ అడగని పిల్ల, ఊరంతా వినేలా అడిగింది.

“నాదా? అన్నిటికన్నా అడుగునున్నాది. బరువంతా దానిదే! సూడు, ఆడి మెడెలాగ వంగిపోనాదో!”

గట్టంతా ఘొల్లుమంది. జగన్నాధం మేష్టారు నవ్వుతూ నవ్వుతూ గొడుగు వదిలేస్తే అది గాలికి దొర్లుకుంటూ పోయింది. ఎవరో దాన్ని పట్టుకోబోయి బురదలో చతికిలబడ్డారు. కూర్మమ్మ కొంగులోంచి ఉడకేసిన శనక్కాయలు తీసి, ముందు ఆయన దోసిట్లో పోసింది. ఆయన తడి గట్టు మీదే, వాళ్ళందరి మధ్య చతికిలబడి కాయలు వలుచుకోవడం మొదలుపెట్టాడు.

అవతలి గట్టు నుంచి సోములు గొంతు చించుకున్నాడు. “ఓలప్పా! ఏటి తింతన్నారు? నాకూ నాలుగుంచండే!”