మా డాబా మీద ఎర్ర మిరపకాయ

ఎండు మిరపకాయల బస్తా మీద కుడిచెయ్యి పెట్టి, ఎడమచేత్తో ముక్కు మూసుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. మిరపకాయ మీద ఒట్టేసి అబద్ధమాడితే కళ్ళు మండుతాయని మా అవ్వ చెప్పేది. ప్రస్తుతానికి నా కళ్ళు చల్లగానే ఉన్నాయి. కావాలంటే వచ్చి చూసుకోండి.

ఇక విషయం. ఒకే ఒక్క కట్టడంతో, ఒకే ఒక్క మధ్యాహ్నం, చెన్నై జార్జిటౌనులో ఒక వీధి వీధినంతా ఏడిపించిన ఘనత నాది. వ్యాపారుల సంఘం పెద్దలు ఏడ్చారు. లారీ డ్రైవర్లు ఏడ్చారు. పిట్టగోడ మీద కూర్చున్న కాకి తుమ్మింది. ఇళ్ళు కట్టేవాళ్ళు జనాన్ని ఏడిపించడం కొత్తేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళకి ఏళ్ళు పడుతుంది. నాకు తాంబూలం పళ్ళెం ఒక చుట్టు తిరిగేంతసేపు చాలింది.

ఊరి పేరు మద్రాసు నుంచి చెన్నైకి మారిన కొత్తలో సంగతి ఇది. నేను ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం. గడ్డం, ఖద్దరు జుబ్బా, భుజాన గుడ్డసంచి. బస్సులో ముసలమ్మలు నన్ను చూసి లేచి సీటిచ్చేవాళ్ళు, ఏ మఠం స్వామో అనుకుని. బుర్రలో రెండే మంత్రాలు. ఒకటి, కట్టడం కరెంటు లేకుండా తానే ఊపిరి పీల్చాలి. రెండు, కట్టడం మాట్లాడాలి. అంటే బోర్డు చదవకుండానే లోపల ఎవరున్నారో, ఏం చేస్తారో దారినపోయేవాడికి తెలియాలి. ఈ రెండు మంత్రాలతో ఇంట్లోవాళ్ళని నేను పెట్టిన హింస అంతా ఇంతా కాదు. అందరూ అన్నం తింటుంటే వెళ్ళి ఫ్యాను ఆపేసేవాణ్ణి.

"భూమి వేడెక్కుతోందమ్మా," అనేవాణ్ణి.

"ముందు నీ వీపు వేడెక్కతాది. స్విచ్చి ఎయ్యరా శీనా," అనేది మా అమ్మ.

మా ఇంటి సంగతి చెప్పాలి. కింద మిరపకాయల టోకు మండి, దాని వెనక గోడౌను. పైన మా కాపురం. గోడౌనుకి సరిగ్గా పైన పెద్ద హాలు, ఆ పైన డాబా. మూడు తరాలుగా మిరపకాయల మీదే పుట్టి, పెరిగి, నిద్రపోయిన వంశం మాది. మా ఇంట్లో పుట్టిన బిడ్డ ముందు తుమ్మి తరువాత ఏడుస్తుంది. పేరు పెట్టే నాటికి ఘాటు అలవాటైపోయి ఇక జన్మలో తుమ్మదు. కొత్త కోడళ్ళు మాత్రం ఏడాదిపాటు కళ్ళనీళ్ళతో తిరుగుతారు. చూసినవాళ్ళు అత్తగారి నోటి మహిమ అనుకుంటారు. మా ముక్కుల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అదే వచ్చిన చిక్కు.

ఆ ఎండాకాలం సెలవుల్లో తాత పిలిచాడు. మండికి యజమాని, ఇంటికి చక్రవర్తి, వ్యాపారుల సంఘంలో గట్టి గొంతు మా తాత.

"వచ్చే నెల సంఘం పెద్దలు మనింట్లో కూడతా ఉండారు. హాలుకి ఏసీ పెట్టించేస్తా. పోయిన తూరి సుందరయ్య ఇంట్లో ఏసీ పెట్టినాడు. గడగడ వణికి చచ్చినాం ఆడ," అన్నాడు.

సుందరయ్య అంటే ఎదురింటి చింతపండు వ్యాపారి. లారీలు మా వీధిలోకి పొద్దున్నే రావాలని తాత, సాయంత్రమే రావాలని సుందరయ్య ఎన్నాళ్ళుగానో కొట్టుకుంటున్నారు. ఆ తగువు తేల్చడానికే ఈ కూటం.

"ఏసీ వద్దు తాతా. కరెంటు లేకుండా నేను చల్లబరుస్తా."

"ఎట్లా? విసనకర్ర పట్టుకోని నిలబడతావా?"

"గాలి గోపురం కడతా."

తాత నన్ను గడ్డం నుంచి చెప్పుల దాకా చూశాడు. కాలేజీ మాన్పించి నన్ను మండిలో కూర్చోబెట్టాలని ఆయనకి మొదటినుంచీ ఉంది. ఇదే అదను అనుకున్నట్టున్నాడు.

"సరి. కట్టు. ఆ పొద్దు సంఘం పెద్దల్లో ఒక్కరన్నా తువ్వాలు తీసి విసురుకున్నారంటే, మర్నాడు గడ్డం గీసుకోని మండిలో కూర్చుంటావు. కాలేజీ గీలేజీ లేదు."

"ఎవురూ విసురుకోకపోతే?"

"పోయి సదువుకో. మళ్ళ నేను నోరెత్తను."

మండిలో కూర్చోవడమంటే మాటలా? రెండు బస్తాల మధ్య చాప, కాయ ఊపి గింజల గలగల వినడం, సాయంత్రానికి మనిషే ఎర్రగా మారడం. నేను చాప మీద కాదు, చరిత్రలో కూర్చోవలసినవాణ్ణి. ఆ రోజే డాబా ఎక్కి నడుం బిగించాను.

నా పథకం పసిపిల్లవాడికైనా అర్థమవుతుంది. వేడిగాలి పైకి పోతుంది. డాబా మీద పొగగొట్టంలా ఒక గోపురం కడితే, అది ఎండకి కాగి, హాల్లో గాలిని పైకి లాగేస్తుంది. లాగిన చోటికి చల్లగాలి రావాలి. ఎక్కడినుంచి? థర్మామీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. పూజగది, వంటిల్లు, మంచం కింద. చివరికి దొరికింది: ఎండ పొడ సోకని, మందపాటి గోడల గోడౌను. హాలు నేలకి గోడవారగా వరసగా రంధ్రాలు పెడితే ఆ చల్లదనమంతా పైకి వస్తుంది. ఆ గోడౌనులో ఏముందో మీకు గుర్తుంది. నేను చూసింది థర్మామీటరు మాత్రమే.

ఇక మాట్లాడే కట్టడం సంగతి. మిరపకాయల ఇంటి గోపురం ఏ ఆకారంలో ఉండాలి? మేస్త్రి మాణిక్యానికి బొమ్మ చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తంబీ, ఇది ఏ సామి గుడి?"

"గుడి కాదు మేస్త్రీ. తలకిందులుగా నిలబెట్టిన మిరపకాయ."

"మిరపకాయ సామియా?"

"సామి కాదయ్యా. మా వ్యాపారం."

"సరి తంబీ. కొన నేరుగా ఉండాలా, వంకరగానా?"

"కొంచెం వంకర."

"అదాన్. వంకర ఉంటేనే కరెక్టా మిరపకాయ," అని పార అందుకున్నాడు. నా జీవితంలో నన్ను పూర్తిగా అర్థం చేసుకున్న మొదటి మనిషి, చివరి మనిషి ఆయనే.

సిమెంటు ముట్టనన్నాను. కూల్చిన పాత ఇంటి ఇటుకలు తెచ్చాను. సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి పాతకాలపు గచ్చు తయారుచేయించాను. బెల్లం వాసనకి జార్జిటౌను చీమలన్నీ మా గోడెక్కాయి. ఎక్కడో ఊరి చివరనున్న మాధవరం చీమలు కూడా వచ్చాయని మేస్త్రి అన్నాడు; వాటి నడకలో అలసట చూసి నేనూ నమ్మాను. అయినా వెనక్కి తగ్గలేదు. నెల తిరిగేలోగా డాబా మీద నిలువెత్తు ఎర్ర మిరపకాయ కొన వంచుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడింది. వీధిలో జనం కింద చెప్పులు విడిచి లెంపలేసుకోవడం మొదలుపెట్టారు. ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టి వెళ్ళారు.

కూటానికి ముందు ఆదివారం పరీక్ష పెట్టాను. మండికి సెలవు. కింద బస్తాలన్నీ మూతులు కుట్టి బుద్ధిగా ఉన్నాయి. ఇంటిల్లిపాదినీ హాల్లో కూర్చోబెట్టి, రంధ్రాలు తెరిచాను. తాత రంధ్రం మీద చెయ్యి పెట్టి, "వస్తా ఉందిరా గాలి," అన్నాడు. మా అవ్వయితే, నడివేసవి కత్తిరి ఎండల్లో, మిట్టమధ్యాహ్నం, "చలేస్తా ఉంది నాయనా, శాలువా తే," అంది. ఒక్కరు తుమ్మలేదు. ఎలా తుమ్ముతారు, ఆ ముక్కులతో?

ఆ విజయగర్వంతో చెయ్యకూడని పనులు రెండు చేశాను. ఫ్యాన్లు విప్పించి అటకెక్కించాను. కిటికీలు తెరిస్తే కింది గాలి లాగుడు తగ్గుతుంది కాబట్టి వాటికి మేకులు కొట్టించాను. పారిపోయే దారులన్నీ నా చేత్తోనే మూశాను. పట్టుదలంటే అదీ.

సోమవారం వచ్చింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. మా మిరపకాయ బాగా కాగి, కుస్తీ పహిల్వానులా ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది. పెద్దలు వచ్చి చాపల మీద కూర్చున్నారు. తాంబూలం పళ్ళెం తిరుగుతోంది. తాత లేచి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే గుంటూరు లారీ దిగిన కొత్త సరుకుని కింద గోడౌనులో కూలీలు బస్తాలు విప్పి గుమ్మరించారు, కాయ ఏరడానికి.

"లారీలు పొద్దున్నే వస్తే ఈదికి మంచిది," అన్నాడు తాత.

సుందరయ్య లేచాడు. "అదెట్లా శెట్టిగారూ. పొద్దున్నే వస్తే మా చింతపండు..." అని ఆగాడు. పెదవి వణికింది. కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారాయి.

తాత కదిలిపోయాడు. "దీనికంతా ఏడిస్తే ఎట్లా సుందరయ్యా. సర్దుకుందాం."

"ఏడవడంలా నేను..." అని సుందరయ్య తుమ్మిన తుమ్ముకి తాంబూలం పళ్ళెంలో తమలపాకులు లేచి ధనియాల వ్యాపారి ఒళ్ళో పడ్డాయి. ఆయన వాటిని చూడలేదు. ఆయనా ఏడుస్తున్నాడు. పక్కన బెల్లం వ్యాపారి కళ్ళు కొత్త సరుకు రంగులోకి తిరిగాయి.

"కిటికీ తెరవండయ్యా," అన్నారెవరో.

"తెరవకూడదండీ. లాగుడు పోతుంది," అన్నాను.

"ఫ్యానన్నా ఎయ్యి నాయనా."

"ఫ్యాన్లు లేవండీ. భూమి వేడెక్కుతోంది."

"భూమి సంగతి సరే, నా కండ్లు చూడు సామీ," అన్నాడు బెల్లం వ్యాపారి. చూశాను. చాలా బాధగా ఉన్నాయి. కానీ ఆయన చేతిలో తువ్వాలు మూతి మీద ఉంది, విసురుకోవడం లేదు. నేను లెక్కచూస్తున్నది అదొక్కటే.

బయటపడదామంటే మెట్లు దిగేది తిన్నగా మండిలోకే. దిగినవాళ్ళు దిగినట్టే తిరిగి పైకొచ్చారు. ఇంత ఘోరం మధ్య మా ఇంటివాళ్ళం మాత్రం పొడికళ్ళతో, ఏమైంది వీళ్ళకి అన్నట్టు నిలబడి చూస్తున్నాం.

అప్పుడే ఆలస్యంగా నూనె వ్యాపారి ముక్కు మూసుకుని ఒక్క పరుగున మెట్లెక్కి వచ్చాడు. మా అవ్వతో మాట్లాడటానికి గుమ్మంలోనే ఆగాడు. లోపల పెద్దలంతా తువ్వాళ్ళలో మొహాలు దాచుకుని కుమిలిపోవడం చూసి తలపాగా తీసేశాడు.

"ఎప్పుడు పోయినారమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఎవురూ పోలేదు నాయనా. తలుపు కనపడక అందరూ ఈడ్నే ఉండారు," అంది అవ్వ.

ఆయనకి అర్థం కాలేదు. కిందికి పరుగెత్తి, శెట్టిగారింట్లో ఎవరో పోయారని వీధిలో చెప్పేశాడు. ఈలోగా గోపురం కొనలోంచి ఘాటంతా వీధిలోకి దిగుతోంది కాబట్టి, ఆయన చెప్పిన ప్రతివాడూ అప్పటికే కంటతడితో ఉన్నాడు. చావు కబురుకి అంతకన్నా రుజువేం కావాలి. పూలదండలు రావడం మొదలైంది. శవం ముందు శంఖం ఊదేవాడు కూడా వచ్చాడు. ఊదబోయి, తుమ్మి, కూలబడ్డాడు. కాకి తుమ్మింది ఈ ఘట్టంలోనే.

హాల్లో తాత గొంతు ఖంగుమంది. "లారీలు పొద్దున్నే రావాలని తీర్మానం. కాదనేవాళ్ళు నోరు తెరిచి చెప్పండి."

నోరు తెరిచే ధైర్యం ఎవరికుంది? తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

అందరూ ఒకరి భుజాలొకరు పట్టుకుని వెళ్ళిపోయాక, అవ్వ ఒక్కతే సంతోషంగా ఉంది. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పులో వేస్తే ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, వస్తే లేనట్టు. "ఇంత ఘాటు వచ్చిందంటే, ఈ ఈదిలో ఒక్కరికి దిష్టి లేదు. అందరం చల్లంగుండాం," అని తేల్చేసింది.

తాత నన్ను పిలిచాడు. ఆయన మొహం చూస్తే ఏమీ తెలియలేదు. రేపు ఈ పాటికి నా గడ్డం ఉండదనుకున్నాను. అయినా వదల్లేదు.

"తాతా, ఒక్కరన్నా తువ్వాలుతో విసురుకున్నారా?"

"విసురుకునేదానికి తువ్వాలు యాడుండాదిరా. అందరూ మూతికి అదుముకుంటిరి."

"అయితే నేను గెలిచినట్టే."

తాత భుజాలు కదిలాయి. జన్మలో ఘాటుకి కన్నీరు కార్చని మనిషి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"గెలిచినావులే. సదువుకో పో. గెలిచినందుకు కాదు. నిన్ను మండిలో కూర్చోబెడితే మండి మిగలాల గదా. ఎన్నేళ్ళయినా సరే, నువ్వు ఆ కాలేజీలోనే ఉండు."

"కట్టడం మాట్లాడాలని..."

"మాట్లాడిందిరా. మన బోర్డు సదవనోళ్ళు కూడా మనమేం అమ్మతామో ముక్కుతో సదివిపోయినారు."

"రేపే రంధ్రాలు మూయించేస్తా తాతా."

"మూసెయ్యొద్దురా. తీసి మూసేదానికి కొయ్య మూతలు చేయించు. వచ్చే కూటం గూడా మనింట్లోనే."

ఆ తరువాత చాలా ఏళ్ళు మా సంఘంలో తీర్మానాలన్నీ ఏకగ్రీవమే. సుందరయ్య అడ్డం చెప్పడానికి లేచినప్పుడల్లా, తాత కాలి బొటనవేలు మెల్లగా పక్కనున్న మూత మీదికి జరిగేది. సుందరయ్య కూర్చునేవాడు.

కాబట్టి సకల జనుల ముందు, అష్టదిక్కుల సాక్షిగా, ముఖ్యంగా తూర్పుగాలి సాక్షిగా శపథం చేస్తున్నాను: గాలి ఎటు పోవాలో గీసే ముందు, అది ఎక్కడినుంచి వస్తుందో పనిరోజున వెళ్ళి చూస్తాను. సొంత ముక్కుని, మా వాళ్ళ ముక్కునీ సాక్ష్యానికి పిలవను. ఇంగువ వ్యాపారి కాళ్ళమీద పడి బతిమాలినా ఆయన ఇంటిని మాట్లాడనివ్వను.

ఇదంతా రాస్తుంటే ఎడమకన్ను కొంచెం మండుతోంది. ఒట్టు ఒట్టే కాబట్టి ఒప్పుకుంటాను, ఒక ముక్క కల్పించాను. కాకి సంగతి అనుకుంటున్నారు కదూ? కాదు. కాకి తుమ్మింది, నా కళ్ళతో చూశాను. కల్పించింది మా అవ్వ శాలువా. ఇళ్ళు గీసి బతికేవాణ్ణి, నలుగురూ చదివేచోట ఆ నిజం ఎలా రాయమంటారు? ఆ ఆదివారం అవ్వ హాల్లో కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంటూ అన్న మాట ఇదీ:

"ఉక్కపోస్తా ఉంది శీనా. పోయి ఆ ఫ్యాను ఎయ్యి."