ఉట్టి తాడు, నా ఎడమ కాలు

ఆ ఆదివారం చర్చి మెట్టెక్కుతుంటే ఎడమ కాలి వేళ్లు మెట్టుకు తగిలి తూలిపడబోయాను. సర్దుకుని లోపల కూర్చున్నాక, పక్కనే ఉన్న పొరుగింటి సుందరమ్మ వదిన నా కాలి నుంచి నెత్తురు కారుతోందని చెవిలో చెప్పింది. చూస్తే నిజమే, పాదం పైన తోలు లేచిపోయి ఉంది. నాకు నొప్పే తెలియలేదు. వేలితో నొక్కి చూసుకుంటే మరెవరి కాలో ముట్టుకున్నట్టుంది. భయం కంటే ముందు అనుమానమే వచ్చింది నాకు. అందరూ వాక్యం వింటుంటే ఈమెకు నా కాళ్లతో ఏం పని అనుకున్నాను.

యుద్ధం రోజులవి. కిరసనాయిలు దొరకడం కష్టంగా ఉండేది. మా ఆయన నరసరావుపేట మిషన్ స్కూల్లో మాస్టారు, మాకు ఇద్దరు పిల్లలు. మిషన్ దొరసాని గారి బంగళాలో వంట చేసే ముసలాయన ఖాళీ జామ్ సీసాలు గుట్టుగా నాకు తెచ్చి ఇచ్చేవాడు. వాటి చుట్టూ పురికొసతో ముళ్లు వేసి, ఉట్టి అల్లినట్టే అల్లి, అడుగున ఇసుక పోసి కొవ్వొత్తి నిలబెట్టి దూలానికి వేలాడదీస్తే గాలికి ఆరకుండా వెలిగేది. చూసినవాళ్లంతా మాకూ ఒకటి అనేవాళ్లు. ఆ ఏడు క్రిస్మస్‌కు చర్చికి నలభై కావాలని పాస్టరు గారు అడిగారు. నలభైకి నలభై నేనే చేయాలని పంతం పట్టాను.

మా అమ్మ ఉట్టి అల్లేటప్పుడు తాడు మొదలు కాలి బొటనవేలికి తగిలించుకునేది. వేలు కోసుకుపోతోందని నేను ఆ పద్ధతి మానేశాను. ఎడమ మోకాలు నిలబెట్టి కూర్చుని, దాని కిందుగా తాడు గట్టిగా చుట్టి కట్టుకుని, ప్రతి ముడినీ గుంజి బిగించేదాన్ని. పొద్దున వంటయ్యాక కూర్చుంటే పిల్లలు బడి నుంచి వచ్చేదాకా లేచేదాన్ని కాదు.

చర్చిలో నెత్తురు చూసిన ఆ ఆదివారం తర్వాత రెండు వారాల్లో పాదం వేలాడిపోయింది. గడప దాటాలంటే మోకాలు ఎత్తి కాలు టప్పున వేయాల్సి వచ్చేది. పిక్క బయటి వైపు, పాదం పైన స్పర్శ లేదు. స్పర్శ లేదంటే మా వైపు అందరికీ తట్టేది ఒకటే, పెద్దరోగం. ఆ మాట నా ముందు ఎవరూ అనలేదు. అనకపోవడమే నాకు అనుమానం. మా ఆయన నా గ్లాసు విడిగా గూట్లో పెట్టడం మొదలుపెట్టారు. పిల్లల్ని తన పక్కన పడుకోబెట్టుకున్నారు. సుందరమ్మ వదిన పంపిన చేపల పులుసు పెరట్లో పారబోశాను. ఆమె కూడా సీసాలకు అల్లడం నేర్చుకుంటోంది, నేను మంచాన పడితే ఆ నలభై ఆమె చేతికి పోతాయి, అందుకే నాకు మందు పెట్టిందని నమ్మాను. ఇప్పుడిది రాయడానికి సిగ్గుగా ఉంది.

చివరికి మా ఆయన మిషన్ ఆసుపత్రిలో చూపించుకోమన్నారు. తనకు బడి ఉందని సుందరమ్మ వదినను తోడు పంపారు. అదీ నాకు కుట్రలాగే తోచింది. డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, దూదితో ఒకసారి, గుండుసూదితో ఒకసారి కాలంతా తాకుతూ తెలుస్తోందా అని అడిగింది. పెద్దరోగం పరీక్షకని చెవి తమ్మె గీరి గాజుపలక మీద స్మియర్ తీసింది. ఏం పని చేస్తుంటావంటే వంట, ఇల్లు అన్నాను. సీసాల సంగతి చెబితే అది దొరసాని గారికి చేరి ముసలాయన పని పోతుందని నా భయం. మోకాలి కింద కమిలిన గీత చూసి ఇదేమిటని అడిగింది. తాయెత్తు కట్టుకున్నాను అన్నాను. మిషన్ స్కూలు మాస్టారి భార్యకు అదెంత అప్రదిష్టో తెలిసే అన్నాను.

వారం తర్వాత మళ్లీ వెళ్లాం. స్మియర్ నెగటివ్, లెప్రసీ కాదు అంది డాక్టరమ్మ. రోగి బెదిరిపోకుండా అలాగే చెబుతారని ఎక్కడో విన్నాను కాబట్టి నమ్మలేదు. మరి కాలెందుకు లేవడం లేదని అడిగాను.

“ఇది ఫుట్ డ్రాప్. మోకాలి దగ్గర నెర్వ్ మీద ఏదో ప్రెషర్ పడుతోంది. అదేమిటో నువ్వు చెప్పకపోతే కాలు ఇలాగే ఉండిపోవచ్చు” అంది.

తాయెత్తు తప్ప ఏమీ లేదన్నాను మళ్లీ. సుందరమ్మ వదిన ఇక ఆగలేకపోయింది.

“తాయెత్తూ లేదు, పాడూ లేదు డాక్టరుగారూ. పొద్దస్తమానం కాలికి తాడు బిగించుకోని సీసాలకు ఉట్లు అల్లుతది. చానాసార్లు చూశా నేను.”

నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరమ్మ ఒక గుడ్డ పీలిక ఇచ్చి ఎలా కడతావో చూపించమంది. చూపించాను. మోకాలి పక్కన, బయటి వైపు పొడుచుకు వచ్చిన ఎముక కింద వేలు పెట్టి, నెర్వ్ ఇక్కడ చర్మం కిందే పోతుందని, నేను రోజూ దాన్నే తాడుతో నొక్కేస్తున్నానని చెప్పింది. సీసాలు ఎక్కడివని అడగనే లేదు.

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పి, గ్లాసు ఎందుకు విడిగా పెట్టారని నిలదీశాను.

“భయపడ్డానే. పిల్లలున్నారు గదా. నిన్నెక్కడికో పంపించాల్సొస్తదేమోనని చానా కుమిలా” అన్నారు.

ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కానీ అన్నాళ్లలో నేను అనుమానించకుండా నమ్మిన మొదటి మాట అదే.

పాదం వేలాడకుండా చెక్క స్ప్లింట్ కట్టారు. రోజూ మసాజ్, వారానికో విటమిన్ ఇంజెక్షన్. నెల దాటినా వేలు కదల్లేదు. క్రిస్మస్ దగ్గర పడుతోంది. పాడైంది ఎడమ కాలే కదా అని కుడి కాలికి తాడు కట్టుకుని కూర్చున్నాను. నాలుగో రోజుకు కుడి పాదం తిమ్మిరెక్కింది. డాక్టరమ్మ తల పట్టుకుని, రెండు కాళ్లూ పోగొట్టుకుంటే గానీ నీకు తృప్తి ఉండదా అంది. ఈసారి నిజంగా భయం వేసింది. తాడూ సీసాలూ తీసుకెళ్లి సుందరమ్మ వదిన ముందు పడేశాను. ఆమె తాడు మొదలును కిటికీ ఊచకు కట్టి, నన్ను ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. అంత తేలిక సంగతి నాకు తట్టనే లేదు. పంతొమ్మిది నేను, ఇరవై ఒకటి ఆమె అల్లాం. చర్చిలో అన్నీ వెలిగినప్పుడు ఎవరివేవో నాకు తెలిసిపోయింది. ఆమె ముళ్లు వదులు.

సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు ఒక పొద్దున స్ప్లింట్ విప్పితే బొటనవేలు కాస్త పైకి లేచింది. కళ్లు నన్ను మోసం చేస్తున్నాయేమోనని మా ఆయన్ను పిలిచి చూడమన్నాను. డాక్టరమ్మ మాత్రం రికవరీ మొదలైంది, తొందరపడకు అంది. ఎండాకాలానికి వేళ్లు గడపకు తగలకుండా నడిచాను.

ఇది జరిగి మూడేళ్లయింది. పాదం పైన రూపాయి బిళ్లంత మేర ఇప్పటికీ మొద్దుగానే ఉంది. రోజుకు రెండు సీసాలకు మించి అల్లను, అదీ కిటికీ ఊచకు కట్టి, మధ్యమధ్య లేచి తిరుగుతూ.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. డాక్టరు ఏం పని చేస్తావని అడిగితే, ఎలా కూర్చుంటారో, ఎక్కడ ఏం కట్టుకుంటారో అంతా చేసి చూపించండి. మీకు నోరు రాదనుకుంటే మీ కోపానికి జంకని మనిషిని తోడు తీసుకెళ్లండి. ఆసుపత్రికి తోడుగా నేను ఇప్పటికీ సుందరమ్మ వదిననే పిలుస్తాను. ఆ రోజు నా మేలు కోరి చెప్పిందా, ఆ నలభై మీద కన్నేసి చెప్పిందా అని దారి పొడవునా అనుమానిస్తూనే ఉంటాను. అయినా వరండాలో నా పేరు పిలిచినప్పుడు ఆమె లేకుండా లోపలికి వెళ్లను.