తీసివేతల మేడమ్

మా మేడమ్‌గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఏ వస్తువు కంటబడినా అది అక్కడ ఎందుకుందో ఆమెకు తెలియాలి. తెలుసుకోవడానికి ఆమెకు తెలిసిన దారి కూడా ఒకటే, దాన్ని తీసేయడం. "తీసేసి చూద్దాం" అన్న మాట ఆమె నోట వినబడితే చాలు, మా ఆఫీసులో అనుభవజ్ఞులు కళ్ళజోళ్ళు తీసి జేబుల్లో దాచుకునేవారు.

అందులో ఆమె తప్పు లేదు, వృత్తే అలాంటిది. సముద్రంలో కంటికి కనబడనంత చిన్న బాక్టీరియా ఒకటి ఉంటుంది. చెట్ల ఆకుల్లాగే ఎండతో వంట చేసుకుని బతికేస్తుంది. దాని ఒంట్లో వేలకొద్దీ ప్రోటీన్లు. కొన్నిటి పని ఏమిటో తెలుసు. మిగతావాటికి ఎదురుగా రికార్డులో "పని తెలియదు" అని రాసి ఉంటుంది. ఆ తెలియని బాపతులో ఒక్కొక్కదాన్నీ పుట్టకుండా చేసి, అది లేకపోతే బాక్టీరియాకు ఏం మూడుతుందో చూడటమే మేడమ్‌గారి ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళు అదే పని చేసిన చెయ్యి ప్రయోగశాల దాటగానే ఊరుకుంటుందా?

ఒకరోజు నా కుర్చీ ముందు ఆగారు.

"దీనికి ఆరు మరలెందుకు నాయనా? ఐదు చాలవూ?"

"ఏమో మేడమ్, చేసినవాడు ఆరు పెట్టాడు."

"తీసేసి చూద్దాం."

ఆరో మర ఎందుకుందో పావుగంటలో నా నడుముకు తెలిసొచ్చింది. నేను నేల మీద వెల్లకిలా పడి మూలుగుతుంటే ఆమె పక్కనే నిలబడి నోటుబుక్కులో రాసుకున్నారు. "ఆరవ మర: మనిషిని నేలకు అడుగున్నర ఎత్తున నిలిపి ఉంచును." తరవాత నన్ను లేపారనుకోండి. కానీ ముందు రాసుకున్నారు.

డైరెక్టరుగారికీ ఈ గతి తప్పలేదు. వార్షిక సమావేశంలో ఆయన చదవబోయే పద్దెనిమిది పేజీల ఉపన్యాసంలోంచి ఏడో పేజీని మేడమ్‌గారు చడీచప్పుడు లేకుండా లాగేశారు. ఆయన ఆరు చదివి ఎనిమిదిలోకి వెళ్ళిపోయారు. సభలో ఎవరూ గమనించలేదు. చదివినాయనా గమనించలేదు. నోటుబుక్కులో "ఏడో పేజీ: పని తెలియదు" అని పడింది.

వాళ్ళాయన మహా సౌమ్యుడు. ఒకసారి మా ఆఫీసుకు వస్తే నేనే అడిగాను.

"ఇంట్లో ఎలా ఉంటుందండీ?"

"కిందటేడు నన్నే తీసేసింది బాబూ. పదిరోజులు మా అన్నయ్య ఇంట్లో ఉండి రమ్మంది."

"మరి తేడా ఏమైనా కనబడిందటా?"

"పంచదార డబ్బా ఖాళీ కాలేదంది" అని ఆయన నిట్టూర్చాడు.

ఇక నా సంగతి. నా హోదా జనరల్ అసిస్టెంటు. ఆ జనరల్ ఏమిటో, అసిస్టెంటు ఎవరికో నా నియామకపు కాగితంలో లేదు. సీసాలకు చీటీలు అంటిస్తాను, ఫైళ్ళు సర్దుతాను, పిలిచిన చోటికి పోతాను. అన్నిటికంటే ఎక్కువగా ఇద్దరు డాక్టర్ల మధ్య తిరుగుతాను. వాళ్ళది ఒకే గది. ఎడమ బల్ల ఎడమ డాక్టరుది, కుడి బల్ల కుడి డాక్టరుది. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆరేళ్ళుగా మాటల్లేవు. కానీ బాక్టీరియా పెంచే దీపాల గది మాత్రం ఇద్దరికీ ఉమ్మడి.

ఎడమ డాక్టరు అనేవాడు. "ఆ మొండిఘటానికి చెప్పు, సాయంత్రం దీపాలు తగ్గించి చావమని."

నేను నాలుగడుగులు నడిచి కుడి డాక్టరుతో అనేవాణ్ణి. "సార్, మీ చెయ్యి పడితేనే దీపాలు సరిగ్గా తగ్గుతాయంటున్నారండీ."

"ఊఁ. వాడికి ఇప్పటికైనా తెలిసింది" అని ఆయన వెళ్ళి తగ్గించేవాడు.

దీన్ని ఒక పని అని నేనే ఎప్పుడూ అనుకోలేదు. అందుకే డైరెక్టరుగారు ఒకనాడు నన్ను పిలిచి అడిగినప్పుడు ఆ సంగతి చెప్పాలని తోచలేదు.

"ఒక పోస్టు రద్దు చెయ్యమని పైనుంచి వచ్చింది. నువ్విక్కడ ఏం చేస్తావయ్యా?"

"ఏది పడితే అది చేస్తానండీ."

"అంటే ఏమీ చెయ్యవన్నమాట" అని ఆయన కలం తీశారు.

నాకు అప్పటికే నలభై ఆరేళ్ళు వచ్చాయి. తనకు ఏం పని వచ్చో చెప్పుకోలేనివాడికి ఇంకెవడు ఉద్యోగమిస్తాడు? సరిగ్గా అప్పుడే మేడమ్‌గారు లోపలికొచ్చారు. విషయం విన్నారు. నన్ను ఎగాదిగా చూశారు.

"పని తెలియదా? అయితే తీసేసి చూద్దాం. రెండు వారాలు. కాగితం నేను టైపు చేయించి తెస్తాను, మీరు సంతకం పెట్టండి."

ఆదుకునే చెయ్యి అనుకుంటే కన్నే పొడిచింది. కుర్చీ మరతో సమానం చేసిందే అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పి ఆ మహాతల్లిని తిట్టాల్సినన్ని తిట్టాను.

మొదటి వారం ఆఫీసులో ఏ తేడా రాలేదట. డైరెక్టరుగారు ఉషారుగా ఉన్నారట. మా ఇంట్లో మాత్రం వచ్చింది. పొద్దస్తమానం నేను వంటింట్లో డబ్బాలు సర్దుతుంటే నాలుగోరోజు మా ఆవిడ అంది. "మీ మేడమ్ అక్కడ తీసేసిందేమో గానీ, తెచ్చి ఇక్కడ కలిపింది. నా తల ప్రాణం తోకకొస్తోంది."

డైరెక్టరుగారు మేడమ్‌తో అన్నారట. "చూశారా? వాడు లేకపోయినా అంతా పచ్చగానే ఉంది."

"సుఖంగా ఉన్నప్పుడు ఎవరి విలువా తెలీదు సార్. నా రెండువందల ఆరో నంబరు ప్రోటీన్ని తీసేస్తే నాలుగేళ్ళు ఏ తేడా లేదు. ఒకరోజు దీపం వెలుతురు పెంచాను. మూడోరోజుకు సీసా తెల్లబడిపోయింది. ఎక్కువైన వెలుతురుని వేడిగా మార్చి బయటికి పంపడం దాని పని. పాపం, వెలుతురు ఎక్కువయ్యేదాకా అది ఏం చేసేదో ఎవరికి తెలుసు?"

రెండోవారం శుక్రవారం సాయంత్రం దీపాల గది తలుపు మీద ఎడమ డాక్టరు ఒక చీటీ అంటించాడు. "దీపాలు తగ్గించు." దాని కింద కుడి డాక్టరు ఇంకొకటి. "చేతులు పడిపోయాయా? నువ్వే తగ్గించుకో." అలా పదకొండు చీటీలయ్యాయి. చివరి రెండిట్లోకి తాతలు కూడా వచ్చారు. దీపాలు మాత్రం ఎవరూ తగ్గించలేదు. సోమవారం తలుపు తీస్తే పచ్చటి సీసాలన్నీ మజ్జిగలా తెల్లగా ఉన్నాయి. వాటి పక్కనే ఇద్దరు డాక్టర్లూ ఆరేళ్ళ తరవాత మొదటిసారి నేరుగా మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు రాయడానికి వీల్లేదు.

డైరెక్టరుగారు నెత్తి బాదుకున్నారు. మేడమ్‌గారు మాత్రం తొణకలేదు. ప్రతి సీసాకీ ఒక జత ముందే తన బీరువాలో చిన్న దీపం కింద దాచి ఉంచారట. మధ్యాహ్నానికల్లా మా ఇంటికి ఫోను వచ్చింది. ఫోనులో డైరెక్టరుగారు. "నువ్వెక్కడున్నావయ్యా? ముందు రా, వీళ్ళు కొట్టుకునేట్టున్నారు!"

వెళ్ళాను. ఇద్దరికీ చెరో అబద్ధం చెప్పి చల్లార్చాను. రద్దు కాగితం చెత్తబుట్టలోకి పోయింది. సాయంత్రం మామూలుగా ఫైళ్ళు సర్దుతుంటే, మొదటిరోజు డైరెక్టరుగారు సంతకం పెట్టిన ప్రయోగం కాగితం కనబడింది. అందులో మూడు వాక్యాలున్నాయి.

ఒకటి: జనరల్ అసిస్టెంటును రెండు వారాలు తీసివేయుట. రెండు: తేడాలు గమనించుట. మూడు: ఫలితం ఏదైనా సరే, తిరిగి అదే స్థానంలో పెట్టుట.

కింద డైరెక్టరుగారి సంతకం, ముద్ర. ఆయన ఇంకొకరు రాసిన కాగితం చివరిదాకా చదవరని మేడమ్‌కు తెలుసు. కాగితం పట్టుకుని ఆమె గదికి పరిగెత్తాను. ఆమె కొత్త సీసాలకు సముద్రపు నీళ్ళు కలుపుతున్నారు.

"మేడమ్, ఈ మూడో వాక్యం..."

"తీసేయడం సగం ప్రయోగమే నాయనా. మళ్ళీ పెట్టి, అంతా సర్దుకుందా లేదా చూస్తేనే రుజువు."

"ఒకవేళ ఏ తేడా రాకపోయుంటే?"

ఆమె కొలగ్లాసు మీంచి తలెత్తకుండానే అన్నారు. "రాకపోయినా మళ్ళీ పెట్టేదాన్ని. తేడా కనబడలేదంటే నువ్వు పనికిరావని కాదు, నాకు చూడ్డం చేతకాలేదని."

రెండు వారాలు తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎంత సిగ్గుపడ్డానో అంత సంతోషమేసింది. కళ్ళనీళ్ళు ఆగలేదు, అక్కడే ఆ సీసాల మీదికి వంగి బల్ల పట్టుకున్నాను.

"ఏయ్, జరుగు జరుగు! ఏడిస్తే వరండాలోకెళ్ళి ఏడువు" అని మేడమ్‌గారు సీసాలు రెండు చేతులా అవతలికి లాక్కున్నారు. "వీటిల్లో ఉప్పు ఇప్పుడే కొలిచి వేశాను."