ఖల్ఫాన్ ఉపవాసాలు

మా ఒమాన్ కొండ ఊళ్లలో మగవాళ్లు కలిస్తే ముక్కూ ముక్కూ ఆనించి పలకరించుకుంటాం. మేకల సంతలో బేరాలు కుదిర్చే ఖల్ఫాన్‌కి ఆ పలకరింపే ప్రాణసంకటమైంది. ఒక శుక్రవారం అతను చెవి దగ్గర ధర చెబుతుంటే, కొనేవాడు తలగుడ్డ అంచు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఖల్ఫాన్ గుండెల్లో రాయి పడింది.

లవంగాలు నమిలాడు, సాంబ్రాణి బంక నమిలాడు. కాసేపు ఘుమఘుమ, తర్వాత మళ్లీ అదే కంపు. అప్పుడొక ఉపాయం తట్టింది. ఉపవాసమున్నవాడి నోటి వాసనను మాలో ఎవరూ తప్పుపట్టరు. మాలో భక్తిపరులు ఉపవాసముండే సోమ, గురువారాలతో మొదలుపెట్టి, చివరికి దాదాపు రోజూ పొద్దుగూకేదాకా నోట్లో నీటి చుక్క పోసుకోవడం మానేశాడు. ఊరు అతని భక్తిని మెచ్చుకుంది. అసలు సంగతి పక్కింటివాడినైన నాకొక్కడికే చెప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. దేవుణ్ణి ముక్కుల గొడవలోకి లాగుతాడా!

కానీ పండుగనాడు ఉపవాసం కూడదు. కిందటి బక్రీద్ ఉదయం భార్య అన్న జహ్రాన్ ముక్కు ఆనించబోతే, ఖల్ఫాన్ హడలిపోయి ముఖం తిప్పేసి చెయ్యి చాచాడు, అందరి ముందూ. మాలో దానికర్థం తెగతెంపులే. జహ్రాన్ ఆ చెయ్యి అందుకోలేదు. రాకపోకలు ఆగిపోయాయి.

మళ్లీ పండుగ దగ్గరపడింది. "ఈసారి కూడా మా అన్నకి ముఖం తిప్పావంటే, నాకిక పుట్టిల్లు లేనట్టేనయ్యా" అంది భార్య జువైనా. ఖల్ఫాన్‌కి అన్నం సయించలేదు. నేనే అతన్ని పళ్ల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరిపించిందామె. తాకగానే చిగుళ్ల నుంచి నెత్తురొచ్చింది.

"గార పట్టి చిగుళ్లు పాడైపోయాయి. నోరు ఎండితే వాసన ఇంకా పెరుగుతుంది. రోజూ దాహంతో ఉండి మీరే దాన్ని పెంచుకున్నారు" అందామె.

గార గీకేసింది. పళ్ల సందులు దారంతో, నాలుక వెనకదాకా గీకి శుభ్రం చేసుకోమంది, నీళ్లు తాగుతుండమంది. అప్పటికీ తగ్గకపోతే గొంతు, ముక్కు చూపించుకోవాలట.

అన్నీ చేశాడు. నెత్తురు ఆగింది, భయం మాత్రం రెట్టింపైంది. ఇప్పుడు వాసన వస్తే చెప్పుకోవడానికి ఉపవాసం సాకు కూడా లేదు. తన నోరు తనకు తెలియదు కదా! వాసన రావట్లేదని నేను ఒట్టేసినా నమ్మలేదు. స్నేహితుడివి, అబద్ధమాడతావన్నాడు.

పండుగ నమాజు అయింది. పలకరింపుల వరుసలో జహ్రాన్ దగ్గరవుతున్నకొద్దీ ఖల్ఫాన్ చొక్కా చెమటతో తడిసిపోయింది. పారిపోతాడేమోనని నేను వెనకే నిలబడ్డాను. జహ్రాన్ బిగుసుకుని ఆగాడు. ఖల్ఫాన్ కళ్లు మూసుకుని ముక్కు ఆనించాడు.

"బావా, కిందటిసారి... నా నోరు కంపు కొడుతోందని భయమేసింది" అన్నాడు, పెదవులు సరిగా తెరవకుండానే.

జహ్రాన్ అతని మెడ వెనక చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"నీ నోరు కంపని మా చెల్లి పెళ్లినాడే తెలుసు నాకు. ఆ రోజు నుంచీ ముక్కు ఆనిస్తూనే ఉన్నా కదరా. నువ్వు ముఖం ఎందుకు తిప్పావన్నదే నాకు అర్థం కాలేదు."



ఖల్ఫాన్ అందరి ముందూ ఏడ్చేశాడు.