ఖలాస్ తర్వాతి మాట

మా ఇంటి పక్క గ్రౌండులో సాయంత్రం నీళ్లు చల్లగానే తడి మట్టి వాసన కిటికీలోంచి లోపలికొస్తుంది. కాకినాడలో ఉన్నానన్న సంగతే మరిచిపోతాను. చిన్నప్పుడు కువైట్‌లో, అర్దియాలో మేమున్న బిల్డింగ్ వెనకాల ఇసుక మైదానం, ఆటకు ముందు దాని మీద బకెట్లతో నీళ్లు చల్లే మస్తాన్ అన్న గుర్తుకొస్తాడు.

అన్న మా ఎదురింటివాడు. వాళ్లది రాయచోటి. వాళ్ల నాన్న ఖాదర్ మామ షుఐబా రేవులో క్రేన్ నడిపేవారు. డెబ్బైల చివర్లో మా స్కూలు ఫుట్‌బాల్ జట్టుకు అన్నే ప్రాణం. బంతి కాలికి దొరికిందంటే అతన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు, చూసే మాకు ఆయాసం వచ్చేది. నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆ పరుగు కాదు. కిందపడినా, గోల్ తప్పినా "ఖలాస్!" అనేవాడు. నిక్కరుకంటిన ఇసుక దులుపుకుని "యల్లా!" అంటూ మళ్లీ ఉరికేవాడు. అయిపోయింది, ఇక పద అని. లెక్కల్లో తప్పి మెట్ల మీద ఏడుస్తున్న నాతోనూ అదే మాట. "ఎంతసేపు ఏడుస్తావు పాపా? ఖలాస్. యల్లా, పుస్తకం తీ." నాకు ఒళ్లు మండిపోయింది. అయినా పుస్తకం తీశాను.

ఆటను బట్టే కడపలో ఒక కాలేజీ అతనికి సీటిచ్చింది. మొదటి ఏడాదే మోకాలు మెలిపడింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, కట్టు విప్పి చూస్తేగాని మళ్లీ ఆడగలడో లేదో చెప్పలేనన్నాడు. ఆ కబురు కోసం ఖాదర్ మామ తిండీ నిద్రా మానేశారు. ఫోను మా ఇంట్లోనే ఉండేది.

అది మోగినప్పుడు ఇంట్లో ఉన్నది మా మామ్మ ఒక్కతే. అమలాపురం నుంచి వచ్చి వారం కాలేదు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి మామ్మ ముక్కు చీదుతోంది. ఖాదర్ మామ గోడకానుకుని కూర్చున్నారు.

"మీవాడే చేశాడు, మోకాలు ఖలాస్ అన్నాడు నాయనా! బంగారంలాంటి కుర్రాడు!" అంది మామ్మ. ఆవిడకు తెలిసిన ఖలాస్ అంటే పని సరి, ప్రాణం సరి.

మామ తలెత్తారు. "ఇంగేమన్నా అన్నాడామ్మా, ఆ మాట తర్వాత?"

"ఎల్లా, ఎల్లా అని ఒకటే అరుపు. ఎల్లా బతకాలనేమో, పిచ్చి తండ్రి! అంతలో లైను పోయింది."

మామ గబుక్కున లేచారు. "ఎల్లా కాదమ్మా, యల్లా! మావాడు ఆడతాడు!" నవ్వుతూనే ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. ఏమీ అర్థంకాక మామ్మ మా ఇద్దరినీ తిట్టిపోసింది.

మామ విన్నదే నిజమైంది. కాకపోతే పాత పరుగు తిరిగి రాలేదు. అన్నను వెనక వరసకు మార్చారు. సెలవులకొచ్చినప్పుడు బాధగా లేదా అని అడిగాను. "ఎందుకుండదు పాపా? అప్పుడు నా బంతే కనపడేది. ఇప్పుడు గ్రౌండంతా కనపడతాంది," అన్నాడు. డిగ్రీ చివరి ఏడు జట్టుకు కెప్టెన్ అతనే.

కిందటేడు నేను నడిపిన చిన్న బడి మూతపడింది. తాళం వేస్తూ "ఖలాస్" అనుకున్నాను. దుఃఖం ఆగలేదు. మెట్లు దిగేసరికి రెండో మాట దానంతటదే నోటికొచ్చింది. ఇప్పుడు మా వరండాలోనే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఇందాక ఒకడు లెక్క తప్పి మొహం ముడుచుకున్నాడు. "ఖలాస్" అన్నాను. మిగతా పిల్లలంతా ఒక్కసారిగా "యల్లా!" అని అరిచారు.