సాక్ష్యం చెప్పిన నోరు

మా అమ్మకు చక్కెర జబ్బు. రోజూ పొద్దున్నే సూది పడాలి. డెబ్బైలలో విజయవాడలో మాలాంటి వాళ్ళ ఇంట్లో ఫ్రిజ్ ఎక్కడిది? మందు సీసాను తడి ఇసక పోసిన చిన్న కుండలో గుచ్చి, వంటింట్లో నీళ్ళ బిందె పక్కన పెట్టేవాళ్ళం. నేను టైపిస్టు ఉద్యోగానికి వెళ్ళే ముందు గాజు సిరంజిని గిన్నెలో మరగబెట్టి అమ్మకు సూది వేసేదాన్ని. మా నాన్న మిషన్ స్కూల్లో మేష్టారు. పిల్లల్ని బెత్తంతో వాయించగలడు గాని సూది చూస్తే ఆయనకు కళ్ళు తిరిగేవి. అందుకని ప్రార్థన ఆయన వంతు, సూది నా వంతు. చాలా ఏళ్ళు ఈ పంపకం బాగానే నడిచింది. దేవుడికి గాని డాక్టరుకు గాని అభ్యంతరం ఉన్నట్టు కనపడలేదు.

ఒక ఏడాది కోతలయ్యాక పామర్రు దగ్గర పొలంలో స్వస్థత కూటాలు పెట్టారు. వరి మోళ్ళు చెక్కి, పెద్ద పందిరి వేసి, మైకులు కట్టారు. మా గుడి ఆడవాళ్ళంతా బస్సెక్కారు. అమ్మకు తోడు నేనూ వెళ్ళాను. ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడు రోగుల కోసం చాలాసేపు ప్రార్థన చేసి, బాగుపడిన వాళ్ళు పైకి వచ్చి సాక్ష్యం చెప్పమన్నాడు. మాలో సాక్ష్యమంటే ఊసుపోక చెప్పే కబురు కాదు. దేవుడు నాకీ మేలు చేశాడని సంఘం ముందు నిలబడి చెప్పడం. చెప్పాక వెనక్కి తీసుకోవడమనేది ఉండదు.

అమ్మ లేచింది. నోట్లో నాలుక లేని మనిషి. పైట తలమీదికి లాక్కుని మైకు ముందు నిలబడి, "గుండెల్లో ఏదో వెచ్చగా పాకిందండీ. నా షుగరు నన్ను వదిలిపోయిందండీ" అంది. పందిరంతా స్తోత్రాలతో మోగిపోయింది. ఆ వెచ్చదనం నిజమే అయివుండొచ్చు, నేను కాదనను. ఆవిడ కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ మాటను అంతమంది నోరు మూసుకుని విన్నది అదే మొదలు. ఎవరికైనా వెచ్చగానే ఉంటుంది.

మర్నాడు నేను సిరంజి మరగబెడుతుంటే వచ్చి స్టవ్ ఆపేసింది.

"ఇంక వద్దే. సాక్ష్యం చెప్పాను గదా."

"చెబితే చెప్పావు. సూది వేయించుకుంటే దేవుడు వద్దంటాడా?"

"అంతమంది ముందు తగ్గిందని చెప్పి, ఇంటికొచ్చి పొడిపించుకుంటే దేవుణ్ణి అబద్ధాలకోరును చేసినట్టు కాదూ?"

నేను నాన్న వైపు చూశాను. "అది మీ అమ్మ విశ్వాసం. మధ్యలో నువ్వు దూరకు" అన్నాడాయన. తన విశ్వాసం సంగతి ఆయన చెప్పలేదు.

అక్కణ్ణుంచి అమ్మకు కబుర్లు రావడం మొదలైంది. ఇవాళ గన్నవరం, రేపు ఇంకో ఊరు. రిక్షా పంపించేవాళ్ళు, ముందు వరసలో కుర్చీ వేసేవాళ్ళు. సాక్ష్యం అయ్యాక ఎవరో ఒకావిడ పళ్ళెంలో లడ్డూ పట్టుకుని వచ్చేది. "ఏదీ, మా కళ్ళ ముందు తినండి వదినగారూ" అనేది. తగ్గిందనడానికి అదీ రుజువు. అమ్మ తినేది. చుట్టూ మూగిన వాళ్ళు ఆ నమిలే నోటినే చూసేవాళ్ళు. ఒకచోట అరిసె, ఒకచోట మినపసున్ని. కాఫీలో పంచదార కూడా రెండు చెంచాలు ఎక్కువే వేసేవాళ్ళు, దేవుడి మహిమకు లోటు రాకుండా. మా అమ్మకు వాళ్ళు పెట్టింది విషమని నాకు తెలుసు. పెట్టినవాళ్ళందరూ మంచివాళ్ళు. అదే నాకు ఈనాటికీ మింగుడుపడదు.

వేసవి ముదిరేసరికి ఆవిడ బిందెలకు బిందెలు నీళ్ళు తాగుతోంది. రవికెలు వదులయ్యాయి. కొత్త చెప్పు కరిచి మడమ మీద పొక్కు లేచింది, పొక్కు పుండయింది. నాన్న దాన్ని శోధన అన్నాడు, దేవుడు పెట్టే పరీక్షట. నేను మా పాస్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని అందరం అయ్యగారనే వాళ్ళం. నెమ్మదైన మనిషి, నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు.

"మీరొక్క మాట చెబితే అమ్మ సూది వేయించుకుంటుందండీ. మీ మాట కాదనదు."

"మానెయ్యమని మేమెవరమూ చెప్పలేదమ్మా. అది ఆవిడకు దేవుడితో ఉన్న సంగతి. మనం చెయ్యి పెట్టకూడదు."

"మరి మీరు కళ్ళద్దాలు పెట్టుకుంటున్నారు గదండీ."

ఆయన అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "కళ్ళద్దాలు వేరమ్మా" అన్నారు.

ఎలా వేరో అడిగితే పెంకితనం అంటారు. అడిగాను. నా కోసం కూడా ప్రార్థన చేస్తానన్నారు. ఆ కాఫీ తాగకుండా లేచి వచ్చాను. దేవుడు మందు సీసాలో ఉండకూడదని వీళ్ళకు ఎవరు చెప్పారు? మందు కనిపెట్టినవాడి బుర్రలో ఉండకూడదా? తడి ఇసక కుండలో ఉండకూడదా? మైకు ఉన్నచోటే ఉంటాడా?

ఇంటికొచ్చి అమ్మ కాళ్ళు పట్టుకున్నాను. ఆవిడ నా తల నిమిరింది. "నాకు తెలవదటే, తగ్గలేదని? తెలుసు. కాని నన్ను చూసి ఎంతమంది నమ్ముకున్నారో తెలుసా? ఇప్పుడు నేను కాదంటే వాళ్ళేమైపోవాలి?"

"మరి నేనేమైపోవాలి?"

మైకు ముందు అంత బాగా మాట్లాడే మనిషి, నా ముందు మళ్ళీ పాత అమ్మ అయిపోయి, అన్నం తిన్నావా అని అడిగింది.

ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి స్పృహ లేకుండా పడివుంది. పక్కన నాన్న మోకాళ్ళ మీద ఉన్నాడు. నేను ఎవరినీ అడగలేదు. రిక్షా పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు పుండు చూసి నన్ను తిట్టాడు, అమ్మకు సూది వేశాడు. మర్నాటికి కళ్ళు తెరిచింది. ఒళ్ళు తేలిగ్గా ఉందే అంది, మజ్జిగన్నం అడిగింది. నేను తినిపించాను. నా మొహం చూసి, "సూది వేశారా?" అంది. అవునన్నాను. "గుడిలో ఎవరికీ చెప్పకు" అని కళ్ళు మూసుకుంది. పుండులోని విషం అప్పటికే ఒంట్లోకి ఎక్కిపోయింది. నాలుగోనాడు పోయింది.

సమాధి అయ్యాక మా ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ళ గురించి అందరూ తలా ఒక మాట చెబుతారు. అయ్యగారు మా అమ్మకు పరలోకంలో సంపూర్ణ స్వస్థత దొరికిందన్నారు. లడ్డూలు పెట్టినవాళ్ళు ఏడ్చారు. కూతురు కూడా రెండు మాటలు చెప్పాలన్నారు. నేను లేచాను. ఆ వరసల్లో చక్కెర జబ్బువాళ్ళు ముగ్గురు నలుగురు నాకు కనపడుతూనే ఉన్నారు.

"మా అమ్మకు జబ్బు తగ్గలేదు. సూది మానేసినందుకు చచ్చిపోయింది. ఆస్పత్రిలో సూది పడ్డాకే కళ్ళు తెరిచింది. మీలో ఎవరైనా మందు మానేసి ఉంటే ఇవాళే మొదలుపెట్టండి."

అయ్యగారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అమ్మాయి దుఃఖంలో ఉంది, ప్రార్థన చేద్దామన్నారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేనొక్కదాన్నే కళ్ళు తెరుచుకుని వాళ్ళ మధ్య నిలబడ్డాను. నాన్న గొంతు లేచింది.

"తండ్రీ, విశ్వాసంలో నిలబడ్డదాన్ని నా బిడ్డ సూదితో పొడిపించింది. అందుకే నువ్వు నీ చెయ్యి తీసేశావు. ఆ దోషం నా బిడ్డ మీద ఉంచకు."

అందరూ ఆమెన్ అన్నారు.